కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న రోజున ఏ వార్తను నమ్మాలి?

కాగితాలపెట్టె | శనివారం, ఉదయం 9:12

అటక సర్దుతుంటే పాత ఫైలు ఒకటి దొరికింది. 1999లోనూ ఆ తరువాతి జనవరిలోనూ వై2కె గురించి, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయన్న భయం గురించి, పత్రికల్లో వచ్చినవన్నీ కత్తిరించి దాచేదాన్ని. అప్పట్లో డిగ్రీ చదువుతున్నాను, చరిత్రను భద్రపరుస్తున్నానని భ్రమ. నూటికి పైగా కత్తిరింపులున్నాయి. నిన్న సాయంత్రం నేల మీద పరచి, నిజమైనవి ఒక కుప్ప, కానివి ఒక కుప్ప చేద్దామని కూర్చున్నాను.

విమానాలు కూలతాయన్నవి, జైలు గదుల తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయన్నవి, లిఫ్టులు మధ్యలో నిలిచిపోతాయన్నవి చకచకా రెండో కుప్పలో పడ్డాయి. మొదటి కుప్పలోకి నాలుగో ఐదో వెళ్ళాయి. చిక్కంతా మిగిలినవాటితోనే. "గడువులోగా పని పూర్తి కాకపోవచ్చు", "పలు దేశాలు సిద్ధంగా లేవు", "నష్టం ఎంతో అంచనాకు అందడం లేదు" వంటివి. ఇవి నిజమా, అబద్ధమా? పాతికేళ్ళు దాటినా తేల్చుకోలేకపోయాను.

ఫలితం తెలిశాక ఎవరైనా చెప్పగలరు. ఏం జరగబోతోందో తెలియని డిసెంబరులో, ఓ మామూలు పాఠకురాలు ఏది గట్టి గింజో ఏది తాలో ఎలా పోల్చుకోవాలి? ఇదీ నా ప్రశ్న.

అనుమానప్పక్షి | ఉదయం 9:40

తేల్చడానికి ఏముందండీ, ఫైలు మొత్తం తూకానికి వేసేయండి. భయాన్ని అమ్ముకున్నవాళ్ళు బాగుపడ్డారు, అంతే. అమెరికా ఒక్కటే సుమారు పదివేల కోట్ల డాలర్లు పోసిందని ఆ దేశ వాణిజ్య శాఖే లెక్క వేసింది. ఇటలీ, రష్యా ఆలస్యంగా మేల్కొన్నాయి, ఖర్చూ చాలా తక్కువే పెట్టాయి. జనవరి 1న అక్కడ ఆకాశం విరిగి పడిందా? అక్కడా తెల్లవారింది, ఇక్కడా తెల్లవారింది. మందు వేసుకున్నవాడికీ వేసుకోనివాడికీ ఒకేలా నయమైతే, ముందు అది జబ్బేనా అని అడగాలి.

పాతకోడు | ఉదయం 10:31

అనుమానప్పక్షి గారూ, ఆ మందు నూరినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాస్త ఓపిక పట్టండి.

1997 నుంచి దాదాపు మూడేళ్ళు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు చదవడమే నా ఉద్యోగం. రాయడం కాదు, చదవడం. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన లక్షల వరుసల్లో తేదీ ఎక్కడ నక్కి ఉందో వెతకాలి. దానికి తేదీ అనే పేరు పెట్టి ఉంటే గొడవే లేదు. ఒకచోట ఆ గడికి పెట్టిన పేరు ఎవరి పెంపుడు కుక్కదో అనిపించింది, ఇప్పటికీ నాకది తెలియదు.

సంవత్సరానికి రెండంకెలే వాడింది బద్ధకంతో కాదు. అప్పట్లో రంధ్రాలు పొడిచి సమాచారం ఎక్కించే పంచ్‌కార్డులో ఉండేవి 80 గళ్ళు, మెమరీ బంగారం ధర. 19 అన్నది ఎలాగూ అందరికీ తెలిసిందే కదా అని వదిలేశారు. 99 తరువాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది, 1965లో పుట్టిన మనిషి వయసు మైనస్ 65 అని తేలుస్తుంది. మేము చేసిన వైద్యమూ చాలాచోట్ల పైపూతే. ఫలానా అంకెకు లోపు వస్తే 2000ల కింద, పైన వస్తే 1900ల కింద లెక్కపెట్టమని ఒక గీత గీసి వచ్చాం. విండోయింగ్ అనేవాళ్ళం దాన్ని. ఆ గీత ఒక్కో సంస్థలో ఒక్కోచోట ఉంది.

ఇటలీ విషయానికి వస్తే, అందరూ వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ ప్యాకేజీలనూ తయారుచేసినవాళ్ళే సరిచేసి అన్ని దేశాలకూ పంపారు. వీధంతా దోమల మందు కొడితే కొట్టించుకోని ఇంట్లోనూ దోమలు తగ్గుతాయి. అందుకని దోమలే లేవనకూడదు.

కాగితాలపెట్టె గారి ప్రశ్నకు నా దగ్గర పెన్సిలుతో చేసే పరీక్ష ఒకటుంది. 1999 సెప్టెంబరు 9 గురించి కూడా మీ ఫైల్లో ఉండే ఉంటుంది. పాత ప్రోగ్రాముల్లో 9999 అంటే "ఇక్కడితో ఆపు" అని గుర్తు, కాబట్టి 9-9-99 నాడు అన్నీ ఆగుతాయని రాశారు. ఆ తేదీని ఆరంకెల్లో రాసి చూడండి. 090999 అవుతుంది, తిరగేస్తే 990909. నాలుగు తొమ్మిదులు వరుసగా ఎక్కడా రావు. ఆ వార్త రాసినవాళ్ళు ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకుంటే సరిపోయేది. ఆ రోజు చెప్పుకోదగ్గదేదీ జరగలేదు.

ఇంకొకటి. "గడియారం పన్నెండు కొట్టగానే" అని మొదలయ్యే వార్తను నేను సగానికి తగ్గించుకుని చదివేవాణ్ణి. తేదీలతో పనిచేసే ప్రోగ్రాము ముందుకు చూస్తుంది. బ్రిటన్‌లో దుకాణాల కార్డు యంత్రాలు వేల సంఖ్యలో డిసెంబరు 28నే మొరాయించాయి. అవి నాలుగు పనిదినాలు ముందుకు లెక్క చూసుకునే రకం. అప్పటికి పత్రికలన్నీ 31 రాత్రి కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చున్నాయి.

రాత్రిషిఫ్టు | ఉదయం 11:15

పాతకోడు గారు పత్రికల దాకా వచ్చారు కనుక నా ఒప్పుకోలు కూడా వినండి. ఆ ఏడాది నేనొక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌ని. ఏజెన్సీ వార్త ఇంగ్లీషులో వచ్చేది, మేము తెలుగు చేసేవాళ్ళం. వచ్చేది పది పేరాలు, మాకున్న చోటు నాలుగింటికి. కోత ఎప్పుడూ కిందినుంచే. "అయితే ఇలా జరిగే అవకాశం చాలా తక్కువని ఇంజినీర్లు చెప్పారు" అన్న వాక్యం ఏ పేరాలో ఉండేదో వేరే చెప్పాలా?

అంతకన్నా పెద్ద నేరం క్రియలతో చేశాం. మన పత్రికా భాషలో కర్త లేకుండా వాక్యం దర్జాగా నడిచిపోతుంది. "తెలిసింది", "సమాచారం", "భావిస్తున్నారు", "వినవస్తోంది", "ఆందోళన వ్యక్తమవుతోంది". ఎవరికి తెలిసింది? భావిస్తున్నది ఎవరు? ఒక రాత్రి నేను "తీవ్ర ఆందోళన వ్యక్తమవుతోంది" అని ముగిస్తే మా ఇన్‌ఛార్జి తలెత్తి "ఎవరయ్యా వ్యక్తం చేసింది?" అన్నారు. "నేనేనండీ" అన్నాను. నవ్వారు. "తీవ్ర" కొట్టేసి అచ్చుకు పంపారు.

కాబట్టి కాగితాలపెట్టె గారూ, శీర్షికలు చేత్తో మూసేసి, ప్రతి వాక్యం చివరి క్రియ కింద గీత గీయండి. "ఆగిపోయింది" అని ఉంటే ఎక్కడ, ఏది, ఎంతసేపు అన్నవి అదే వాక్యంలోనో పక్క వాక్యంలోనో ఉండాలి. "అన్నారు" ఉంటే ఆ అన్న మనిషికి పేరూ ఉద్యోగమూ ఉండాలి. "ఆగిపోవచ్చు", "తెలుస్తోంది" అని ఉన్నవాటికి నిజం అబద్ధం అన్న పరీక్షే వర్తించదు, అవి ఎటూ తప్పు కాకుండా ఉండేలా మేము అల్లినవి. మీ మూడో కుప్ప అదేనని నా అనుమానం.

ఇక ఆ రాత్రి సంగతి. మొదటి పేజీ రెండు రకాలుగా సిద్ధం చేసుకున్నాం. కిరిబాటి, న్యూజిలాండ్‌లకు కొత్త ఏడు మనకన్నా ముందు వస్తుంది కదా, సాయంత్రం నుంచీ అందరి చూపూ అటే. న్యూజిలాండ్‌లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయని కబురు వచ్చింది. డెస్కులో పైకి ఎవరూ ఏమీ అనలేదు గానీ, గదిలో కాస్త నిరాశ కనబడింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

అనుమానప్పక్షి | ఉదయం 11:22

దొంగే వచ్చి లొంగిపోయాక నాకింక పనేముంది?

వోల్టు | మధ్యాహ్నం 1:48

నేను విద్యుత్ సబ్‌స్టేషన్లలో రక్షణ పరికరాలు చూసే మనిషిని. రాత్రిషిఫ్టు గారు చెప్పిన క్రియల పరీక్షను దాటిపోయే వార్త ఒకటుంది, దానికేం చేస్తారు? ఆ రాత్రి జపాన్‌లోని ఇషికావాలో అణు విద్యుత్ కేంద్రంలో వై2కె లోపం బయటపడిందన్నది నిజమైన వార్త. ఎక్కడో ఉంది, ఏదో ఉంది. చెడింది మాత్రం రేడియేషన్ కొలతలు చూపే పరికరం, రియాక్టరు కాదు. థర్మామీటరు పగిలింది, జ్వరం రాలేదు. "అణు కేంద్రంలో లోపం" అని పెద్దక్షరాల్లో వేస్తే అబద్ధమాడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు.

చిప్ ఉన్న ప్రతి వస్తువూ ఆగుతుందన్న కథనాలు కూడా అప్పుడు నాకు మింగుడు పడలేదు. లైను మీద కాపలా ఉండే రిలే అడిగేది కరెంటు ఎంత, వోల్టేజి ఎంత అని. ఈ రోజు తారీఖు ఎంత అని అడగదు. తారీఖు కావలసింది జరిగినదాన్ని రాసుకునే చిట్టాకు. యంత్రంలో చిప్ ఉందా అని కాదు, దాని పనికి తేదీతో అవసరముందా అని అడిగిన విలేఖరి ఆ ఏడాది నాకు ఒక్కరూ తగల్లేదు.

అలాగని మా శాఖవాళ్ళ మాట వేదమనీ అనను. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ కెనడాలోని ఒంటారియోలోనూ 5 కోట్ల మందికి కరెంటు పోయింది. పోయిందన్న వార్త నూటికి నూరుపాళ్ళు నిజం. ఎందుకు పోయిందంటే, నయాగరా దగ్గర పిడుగు పడిందన్నారు. పెన్సిల్వేనియాలో అణు కేంద్రం తగలబడిందని కెనడా మంత్రే అన్నారు. ఆ వారమే ప్రబలిన బ్లాస్టర్ అనే కంప్యూటర్ పురుగు పని అన్నవాళ్ళూ ఉన్నారు. తుది నివేదిక 2004 ఏప్రిల్‌లో వచ్చింది. ఒహాయోలో లైన్లు పెరిగిన చెట్ల కొమ్మలకు తగిలాయి, అక్కడి కంట్రోల్ రూములో హెచ్చరికల సాఫ్ట్‌వేర్ చప్పుడు లేకుండా ఆగిపోయింది, అది ఆగిందని అక్కడున్నవాళ్ళకు చాలాసేపు తెలియలేదు. ఇదంతా మొదటి రాత్రి ఎవరు చెప్పగలరు? అందుకే నేను మొదటి రోజు "ఏం జరిగింది" వరకే చదువుతాను. "ఎందుకు జరిగింది" అన్న పేరా వస్తే పేజీ తిప్పేస్తాను, అది రాసింది ఎంత పేరున్నవాళ్ళైనా సరే.

కొత్తబ్యాచ్ | మధ్యాహ్నం 3:05

వై2కె నాటికి నేను పుట్టలేదు, నా వై2కె 2024 జులై 19. ఒక ఆఫీసు కంప్యూటర్ సహాయ విభాగంలో ఉద్యోగంలో చేరిన రెండో నెల. కంప్యూటరు కుప్పకూలితే వచ్చే నీలం తెర ఒకదాని తరువాత ఒకటి కనబడుతుంటే ఫోను చెవి నుంచి దించలేదు.

వోల్టు గారు చెప్పినట్టే జరిగింది. సైబర్ దాడి అన్నది గంటలోపే అందరికీ "తెలిసిపోయింది". నిజానికి క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన 04:09కి పంపిన ఒక అప్‌డేట్ ఫైలులో తప్పుంది, 05:27కి వెనక్కి తీసుకున్నారు. అందరూ మైక్రోసాఫ్ట్ కుప్పకూలిందన్నారు. ముందు రోజు రాత్రి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌కు అమెరికాలోని ఒక ప్రాంతంలో విడిగా అంతరాయం వచ్చింది, అది వేరే గొడవ. రెండు ముడులూ కలిపి ఒకే తాడు చేసేశారు. లాస్‌వేగాస్‌లోని ఆ పెద్ద గోళాకారపు భవనం మొత్తం నీలం తెరగా మారిన ఫొటో నాకే ముగ్గురు పంపారు. అది కల్పించిన బొమ్మ.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం పుకార్లు కావు, ఒక నిజమైన వాక్యం. "సమస్యను సరిచేశాం" అని సంస్థ ప్రకటించింది. వార్తల్లో అది రాగానే మా పై అధికారి వచ్చి "సరిచేశారట కదా, ఇంకా ఎందుకు పనిచేయడం లేదు?" అన్నారు. సరిచేయడమంటే చెడ్డ ఫైలు పంపడం ఆపారని. అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని ఒక్కొక్కటీ సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచేలా, తెరిచి ఆ ఫైలును చేత్తో తీసేయాలి. నాకు ఆదివారం దాకా పట్టింది.

ఇంకో సంగతి, పడిపోయినవి 85 లక్షల యంత్రాలనీ, విండోస్ యంత్రాల్లో ఒక శాతం కూడా కాదనీ మైక్రోసాఫ్ట్ చెప్పింది. "ప్రపంచం స్తంభించింది" అన్న శీర్షికా "ఒక శాతమే" అన్న శీర్షికా రెండూ నేను చూశాను. ఆ ఒక శాతం విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఉన్నప్పుడు ఏ లెక్క న్యాయమైనది?

ల్యాబుగది | సాయంత్రం 4:37

ఇక్కడ అందరూ ఆగిపోయిన యంత్రాల గురించే మాట్లాడుతున్నారు. పరీక్షల ప్రయోగశాలలో పనిచేసేదాన్ని కనుక నా భయం వేరు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, గర్భిణులకు డౌన్స్ సిండ్రోమ్ ప్రమాదం ఎంతో అంచనా కట్టే కంప్యూటరు 2000 జనవరి నుంచి తల్లి వయసును తప్పుగా లెక్కకట్టింది. ఆ అంచనాలో వయసే ముఖ్యం. నూట యాభై మందికి పైగా స్త్రీలకు తప్పు ఫలితం వెళ్ళింది. అసలు ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకు తక్కువ అని చెప్పింది. మే నెల దాకా ఎవరూ పట్టుకోలేదు. నీలం తెర రాలేదు, హెచ్చరిక మోగలేదు. కంప్యూటరు రోజూ అడిగిన వెంటనే చక్కగా అచ్చు వేసి జవాబు ఇచ్చింది.

జనవరి 1 మధ్యాహ్నానికే "ఏమీ జరగలేదు" అని ప్రపంచమంతా రాసేసింది. ఆ రాసిన రోజుల్లోనే ఇది మొదలైంది. అనుమానప్పక్షి గారు "రెండు చోట్లా తెల్లవారింది" అన్నారు. తెల్లవారింది, నిజమే. ఆగిపోయిన యంత్రాన్ని కెమెరా చూపగలదు, తప్పుడు జవాబిచ్చే యంత్రాన్ని ఏ కెమెరా చూపుతుంది? మా దగ్గర యంత్రం మొరాయిస్తే మేము విసుక్కుంటాం గానీ భయపడం. ఫలితాలన్నీ మరీ సాఫీగా వస్తున్న రోజునే తెలిసిన నమూనా ఒకటి మళ్ళీ పెట్టి చూస్తాం.

అనుమానప్పక్షి | సాయంత్రం 5:20

ల్యాబుగది గారూ, ఇది నాకు తెలియదు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి కాదు.

ఎందుకంటే "ఏమీ జరగలేదు" అన్నది పత్రికలు సొంతంగా కనిపెట్టిన మాట కాదు, పెద్దలు చెప్పిందే. ఆ సాయంత్రం గ్రీనిచ్ కాలమానంలో అర్ధరాత్రి కాగానే అమెరికా నిఘా ఉపగ్రహాల సమాచారాన్ని విప్పి చూసే భూకేంద్రం కొన్ని గంటలు పనిచేయలేదు. రక్షణ శాఖ ఆ విషయం తరువాతే బయటపెట్టింది. విలేఖరి ఏం చేస్తాడు పాపం, చెప్పింది రాస్తాడు. అధికారిక ప్రకటన అంటే నాకు వెగటు ఇందుకే.

అదే రాత్రి కొలరాడోలో పీటర్సన్ వైమానిక స్థావరంలో అమెరికా, రష్యా సైనికాధికారులు ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నారు. తెర మీద క్షిపణి వస్తున్నట్టు తప్పుడు హెచ్చరిక కనబడితే పక్కనున్నవాణ్ణి నేరుగా అడగడానికి. వాళ్ళ తెరను వాళ్ళే నమ్మలేదన్న మాట. నాకు ఆ కుర్చీల ఏర్పాటు నచ్చింది.

రాత్రిషిఫ్టు | సాయంత్రం 6:02

అధికారిక ప్రకటనల్లోనూ రెండు జాతులున్నాయి. "అన్ని వ్యవస్థలూ సవ్యంగా ఉన్నాయి" అన్నది ఏమీ చెప్పని వాక్యం. "ఫలానా కేంద్రంలో ఫలానా పరికరం ఇంత సేపు ఆగింది, చేత్తో నడిపాం" అన్నది, ఎంత చెడ్డగా వినిపించినా, మనసుకు ఊరట. తన తప్పును కొలతలతో చెప్పేవాడి మిగతా మాటలు నేను నమ్ముతాను. ఇషికావా వార్త అందుకే నాకు భయం కలిగించలేదు.

ఒక్కటి మాత్రం మేము ఎంత జాగ్రత్తగా రాసినా వికటించేది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అదనంగా 5,000 కోట్ల డాలర్ల నోట్లు సిద్ధం చేయించిందని వార్త. బ్యాంకు కంప్యూటర్లు ఆగుతాయని కాదు, ఆగుతాయేమోనని జనం ఒక్కసారిగా వచ్చి డబ్బు తీసుకుంటారని. అచ్చులో చూసినవాళ్ళు "చూశావా, వాళ్ళకే నమ్మకం లేదు" అన్నారు. ఆ వార్తను ఎలా రాస్తే అలా అర్థం కాకుండా ఉండేదో ఇప్పటికీ నాకు తోచదు.

నిర్వాహకులు | సాయంత్రం 6:30

ఇప్పుడే ఈ చర్చలో ఒక సభ్యులు పెట్టిన ఫార్వర్డ్‌ను తొలగించాం. "రేపు రాత్రి ప్రపంచమంతా ఇంటర్నెట్ ఆగిపోతుంది, అధికారికంగా ప్రకటించారు" అని అందులో ఉంది. ఎవరు ప్రకటించారో లేదు, ఏ రోజుకు రేపో లేదు. పెట్టిన సభ్యులు ఈ చర్చను పైనుంచి ఒకసారి చదవగలరు.

కొత్తబ్యాచ్ | రాత్రి 7:15

2038 గురించి కూడా అలాంటివే వస్తున్నాయి. అది నిజమేనా పాతకోడు గారూ?

పాతకోడు | రాత్రి 8:03

నిజమే, పెన్సిలు తీయండి. చాలా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయి. దానికి 32 బిట్లే కేటాయించినచోట 2,147,483,647 దాటి లెక్క పోదు. ఆ సెకను యూటీసీలో 2038 జనవరి 19, 03:14:07కు వస్తుంది. తరువాతి సెకనుకు యంత్రం 1901 డిసెంబరులోకి వెళ్తుంది. 64 బిట్లకు మారినవాటికి ఈ బాధ లేదు, గోడల్లోనూ పెట్టెల్లోనూ బిగించి మరిచిపోయినవాటి గురించే నా దిగులు. "2038 జనవరి 19 తెల్లవారుజామున" అని మొదలుపెట్టే వార్త కనబడితే మాత్రం డిసెంబరు 28 నాటి కార్డు యంత్రాలను గుర్తు చేసుకోండి. ఇరవయ్యేళ్ళ అప్పు లెక్క కట్టే ప్రోగ్రాము ఆ తేదీని 2018లోనే తాకింది.

కాగితాలపెట్టె | రాత్రి 9:26

పొద్దుటి నుంచి క్రియల కింద గీతలు గీస్తున్నాను. రాత్రిషిఫ్టు గారి అనుమానం నిజమే. మూడో కుప్పలో అరవై రెండు ఉంటే, పేరున్న మనిషి "అన్నారు" అని ఉన్నవి తొమ్మిది. "ఇదంతా బూటకమే" అన్న జనవరి నాటి వ్యాసాన్ని ఉదయం నిజమైనవాటిలో వేశాను, ల్యాబుగది గారి పోస్టు చదివాక తీసేశాను. ఎక్కడ పెట్టాలో తెలియక ప్రస్తుతం ఒళ్ళో ఉంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది అయిదు వరుసల చిన్న ముక్క. అమెరికా నౌకాదళ వేధశాల, అంటే ఆ దేశానికి అధికారిక సమయం చెప్పే సంస్థ, తన వెబ్‌సైటులో సంవత్సరాన్ని 19100 అని చూపిందట. ఇది మొదటి కుప్పలోకి వెళ్తుంది కదా?

పాతకోడు | రాత్రి 9:34

నిశ్చింతగా వేయండి. 1900 నుంచి గడిచిన ఏళ్ళు 100 అని సరిగ్గానే లెక్కపెట్టి, దాని ముందు పాత అలవాటు కొద్దీ 19 అతికించారు. ఆ ముక్క ఏ తేదీది?

కాగితాలపెట్టె | రాత్రి 9:41

అదే చిక్కు. పైనున్న తేదీ నా కత్తెరకే పోయింది. వెనక వైపు పదకేళి సగం ఉంది.

రాత్రిషిఫ్టు | రాత్రి 9:44

పదకేళికి వరుస సంఖ్య వేసేవాళ్ళం. అది ఉంటే తేదీ లెక్కకట్టవచ్చు.

కాగితాలపెట్టె | రాత్రి 9:50

ఆ మూల కూడా పోయింది. ఆధారాల్లో అడ్డం 7 ఒక్కటే పూర్తిగా మిగిలింది: "గాలి మాట (3)".

వోల్టు | రాత్రి 9:52

పుకారు.

అనుమానప్పక్షి | రాత్రి 9:53

వదంతి కూడా మూడే. నిలువు ఏదైనా కనబడుతోందా?